వలస పేరున్న ఊళ్ళు

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర చిన్న వాదన జరిగింది. మా టీములో ఒకతను "మనం కట్టే పన్నులతోనే పల్లెటూళ్ళు బతుకుతున్నాయి, లేకపోతే ఎప్పుడో ఖాళీ అయిపోయేవి" అన్నాడు. పక్కనున్నతనికి కోపం వచ్చింది. "పల్లెల్లో పండించకపోతే ఏం తింటావు, కోడు తింటావా?" అన్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే, కాసేపటికి కలిసి టీకి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఇద్దరి మాటల్లోనూ ఏదో తక్కువైందనిపించింది. అదేమిటో మా ప్రాంతం చరిత్ర గుర్తు తెచ్చుకుంటే గానీ తేలలేదు.

మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. మా వైపు ఊళ్ళ పేర్లు ఎప్పుడైనా గమనించారా? ఆమదాలవలస, మడ్డువలస, చిట్టివలస.. ఇలా 'వలస' అన్న మాట తగిలించుకున్న ఊళ్ళు ఉత్తరాంధ్రలో ఎన్నో. ఎక్కడినుంచో వచ్చిన జనం అడివి కొట్టుకుని, చెరువు తవ్వుకుని నిలబడ్డ చోటు వలస. అంటే ఆ మాటకి మొదట్లో అర్థం రావడం. ఇప్పుడు పేపర్లో "ఉత్తరాంధ్ర వలసలు" అని హెడ్డింగు కనబడితే దానర్థం పోవడం. ఒకే మాట ఇలా ఎప్పుడు తిరగబడింది అన్నదే నా ప్రశ్న.

ముందు పాత పట్నాల సంగతి చూద్దాం. విజయనగరం కోట కట్టింది 1713లో. 1802లో ఇంగ్లీషువాళ్ళు శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాక విజయనగరం, బొబ్బిలి లాంటి సంస్థానాలు జమీందారీలుగా స్థిరపడ్డాయి. జమీందారు కంపెనీకి కట్టాల్సిన పేష్కషు మారదు, రైతు దగ్గర వసూలు చేసేది మాత్రం పెరగొచ్చు. ఆ తేడాతో నడిచినవే ఈ పట్నాలు. ఏనుగులు, దివాణాలు, పండితులు, సంగీతం.. అన్నిటికీ ఖర్చు పెట్టింది మడిలో దిగిన రైతే.

అలాగని పట్నం తిని కూర్చుంది అనడానికీ లేదు. ఆ డబ్బుతోనే విజయనగరంలో 1857లో స్కూలు మొదలై 1879కల్లా కాలేజీ అయింది. 1919లో సంగీత కళాశాల పెడితే బొబ్బిలి వైపు అజ్జాడ అనే పల్లెలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాలయ్యారు. తర్వాత ఘంటసాల అక్కడే వారాలు చేసుకుని చదువుకున్నారు. గురజాడవారి కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది విజయనగరంలోనే. మన వాడుకభాష సాహిత్యంలోకి గట్టిగా అడుగుపెట్టింది ఆ నాటకంతో. అంటే పల్లె ఇచ్చిన శిస్తుకి, పల్లె ఇచ్చిన భాషకి పట్నం ఒక రూపం కల్పించి తిరిగిచ్చింది. బాకీ అంతా తీరిపోయిందని మాత్రం అనను. నారాయణదాసు గారి హరికథ వినడానికి చోడంబలి తాగి నడిచొచ్చిన రైతుకి శిస్తులో రాయితీ ఏం దొరకలేదు కదా.

ఇక రేవుల కథ. భీమునిపట్నం, కళింగపట్నం, బారువ.. ఈ మూడూ ఒకప్పుడు ఓడలు ఆగిన చోట్లు. సరుకుతో పాటు మనుషులూ ఎక్కేవారు. ఎక్కువమంది వెళ్ళింది బర్మాకి. మా వైపు రంగూనుని 'రంగం' అనేవారు. 1866 కరువులో అప్పటి గంజాం జిల్లా అల్లాడిపోయింది. ఆ తర్వాత అరవై డెబ్భై ఏళ్ళపాటు గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు బర్మా వరికోతలకి, రంగూను బియ్యపు మిల్లులకి, రేవులో మూటలు మోయడానికి వెళ్తూనే ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళందరినీ 'కోరంగీలు' అని పిలిచేవారు. గౌరవంగా పిలిచిన పేరేం కాదు లెండి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూనులో సగానికి పైగా భారతీయులే.

ఆ పట్నాన్ని మనవాళ్ళు మోశారు, ఆ పట్నం మనవాళ్ళ అప్పులు తీర్చింది. కానీ కష్టం వచ్చిన రోజున ఏమైంది? 1930 మేలో రేవు కూలీల సమ్మె తర్వాత అల్లర్లు జరిగి వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలే. 1941 డిసెంబరులో జపాను బాంబులు రంగూను మీద పడ్డాయి. ఓడ టిక్కెట్టు దొరకని లక్షలమంది అడవుల్లోంచి నడిచి అస్సాం, బెంగాలు దారిన వచ్చారు, దారిలో చచ్చిపోయినవాళ్ళు చచ్చిపోయారు. మా మామ్మ చిన్నాన్న ఒకాయన అలా నడిచొచ్చినవాడే. ఊరికి చేరేసరికి సొంత అక్క కూడా గుర్తుపట్టలేదని చెప్పేది మామ్మ. రంగంలో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషికి చివరికి బువ్వ పెట్టింది రెండెకరాల మెట్ట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

రైలు వచ్చింది 1890లలో. కటకం నుంచి విజయవాడ దాకా వేసిన ఆ లైను విజయనగరం మీదుగా పోయింది గానీ శ్రీకాకుళం ఊళ్ళోకి రాలేదు. స్టేషను సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఆమదాలవలసలో పడింది. పేరు 'శ్రీకాకుళం రోడ్'. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఊళ్ళ జాతకాలు ఇలాంటి వాటితోనే మారిపోతాయి. 1931లో రాయపూరు లైను పూర్తయి విజయనగరం జంక్షనుగా పెరిగింది. 1933లో విశాఖ రేవు తెరిచారు. మధ్యభారతం సరుకంతా పెద్ద రేవుకి పోయేసరికి భీమిలి, కళింగపట్నం మెల్లగా చల్లబడ్డాయి. కళింగపట్నంలో ఇప్పుడు చూడ్డానికి మిగిలింది లైట్‌హౌసు.

రైలు సరుకుకి ఎంత దారి ఇచ్చిందో మనుషులకీ అంతే ఇచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూరులో వర్కుషాపు పెడితే మావాళ్ళు బిలబిలమంటూ వెళ్ళారు. ఇప్పటికీ ఖరగ్‌పూరులో తెలుగు వినబడని వీధి తక్కువ. కలకత్తా చుట్టూ ఉన్న టిటాగఢ్ లాంటి చోట్ల జనపనార మిల్లుల్లోనూ అంతే. ఇందులో ఒక విచిత్రం ఉంది. మిల్లులో ఆడే నార మా పొలాల్లోనూ పండుతుంది. మా గోగునారకి విదేశీ వర్తకంలో 'బిమ్లీ జూట్' అనే పేరుండేది. బిమ్లీ అంటే మన భీమిలే. నార మనది, చేతులు మనవి, మిల్లు మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల.

అసలు నేను చెప్పదలుచుకున్నది ఈ గోగు గురించే. గోంగూర అని మీరు పప్పులో వేసుకునేదానికి ఇది దగ్గరి చుట్టం. ఆకు కూరకి. కాడ ఎదిగాక కోసి, కట్టలు కట్టి, చెరువు నీళ్ళలో రెండు మూడు వారాలు ఊరబెట్టి, నార ఒలిచి ఆరబెట్టేవారు. ఆ రోజుల్లో ఊరి చుట్టూ వాసన భరించలేం. పుల్లలు పొయ్యిలోకి, దడికి. నార మాత్రం బండెక్కి టౌనుకి. నెల్లిమర్ల, చిట్టివలస, విజయనగరం, బొబ్బిలి, రాజాం.. వీటన్నిటిలో జనపనార మిల్లులు వచ్చాయి. నెల్లిమర్ల చంపావతి ఒడ్డున, చిట్టివలస గోస్తనీ ఒడ్డున.

ఈ ఊళ్ళు ఏం చేశాయంటే, పల్లెకీ పెద్ద పట్నానికీ మధ్య నిలబడ్డాయి. మన భాషలో చెప్పాలంటే మిడిల్‌వేరు లాంటివి. రైతు నార ఉదయం తీసుకెళ్ళి సాయంత్రానికి డబ్బుతో ఇంటికొచ్చేవాడు. చిన్న కమతం ఉన్నవాడి రెండో కొడుకు సైకిలు మీద మిల్లుకి వెళ్ళి షిఫ్టు చేసి, నాట్ల సమయంలో సెలవు పెట్టి మడిలో దిగేవాడు. జీతం పల్లెలోకొచ్చేది, మనిషి కూడా పల్లెలోకే వచ్చేవాడు. రెండూ కలిసి రావడం ఎంత పెద్ద సంగతో మనలాంటి వాళ్ళకి బాగా తెలుసు. మనం పంపేది ఒకటే కదా.

గోగు ఒక్కటే కాదు. పొందూరు ఖద్దరు చూడండి. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు వడికి, సాలీలు నేస్తే గాంధీగారు కూడా మెచ్చుకున్న సన్నబట్ట అయింది. పలాస-కాశీబుగ్గలో ఉద్దానం జీడిపిక్కలు పప్పుగా మారతాయి. సాలూరులో లారీలు. గరివిడి సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ దగ్గర కోడూరులో 1892లోనే మాంగనీసు తవ్వకం మొదలైంది, దేశంలో అదే మొదటిది. సుమారు అరవై ఏళ్ళు రాయి తవ్వి రాయిగానే ఓడెక్కించారు. 1950లలో గరివిడిలో ఫెర్రో అల్లాయిస్ ఫ్యాక్టరీ వచ్చాకే ఆ రాయి చుట్టూ క్వార్టర్లు, స్కూళ్ళు, హోటళ్ళు, ఒక ఊరు పుట్టాయి. రాయి అదే, ఎక్కడ కరిగించారన్నదే తేడా.

నాకు అర్థమైనది ఇదీ: పక్కన పని చేసే టౌను ఉంటే పల్లె సరుకు పంపుతుంది. లేకపోతే మనుషుల్ని పంపుతుంది.

"చిన్న టౌనంటే స్వర్గమా?" అని మీరు అడగొచ్చు. కాదు. పార్వతీపురం ఏజెన్సీలో సవరలు, జాతాపులు చింతపండు, పిక్కలు పట్టుకుని సంతకి దిగితే, షావుకారు కొలత ఒకటి, రాత ఇంకొకటి. అప్పు కింద భూములే పోయేవి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపాక ఆ ఏజెన్సీ అంతా ఎలా అంటుకుందో చరిత్రలో ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం' 1964లోనే వచ్చింది. ఊరు బాగుపడింది అనుకుంటున్న రోజుల్లోనే ఒక కుటుంబం అప్పులో ఎలా కూరుకుపోయిందో చెప్పిన కథ అది. మిల్లుల్లోనూ అంతే. 1994 జనవరిలో నెల్లిమర్ల కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగి మనుషులు పోయారు. కాబట్టి టౌను దగ్గరుంటే చాలదు, కాటా సరిగా ఉండాలి, జీతం సరిగా పడాలి. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది కాటా కోసమే. ఆ సంస్థ చేయి చేరని చోట ఏం జరిగిందో 1967 చెప్పింది.

తర్వాత ఆ మిల్లులు ఏమయ్యాయి? ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. గోనెసంచుల వాడకం తప్పనిసరి చేస్తూ 1987లో చట్టం తెచ్చినా ఆ దెబ్బ ఆగలేదు. లాకౌట్లు మామూలైపోయాయి. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీ మూతపడీ చాలా ఏళ్ళయింది, ఎన్నికలప్పుడు మాత్రం గుర్తొస్తుంది. గోగు వేసిన మెట్టల్లో ఇప్పుడు మొక్కజొన్న వేస్తున్నారు. చెరువు దగ్గర ఆ వాసన లేదు. సైకిలు మీద షిఫ్టుకెళ్ళేవాడూ లేడు.

వాడెక్కడికి పోయాడు? మన దగ్గరికే వచ్చాడు. హైదరాబాదులో, బెంగుళూరులో, చెన్నైలో మనం కూర్చున్న అద్దాల మేడలకి సెంట్రింగు కట్టింది, కాంక్రీటు పోసింది చాలావరకు మావాళ్ళే. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు. ఆ వారం శవాలు వచ్చిన ఊళ్ళలో కొన్నిటి పేర్లలో 'వలస' ఉంది. వంశధార, నాగావళి పక్కనే పారుతున్న ఊళ్ళవి.

మత్స్యకారుల సంగతి ఇంకా వింత. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. అయినా అక్కడి జాలరి వేట కోసం గుజరాత్‌లో వెరావల్ పోతాడు. ఎందుకంటే పెద్ద బోటు ఆగడానికి హార్బరు, చేప నిలవకి ఐసు, కొనడానికి కంపెనీ అక్కడున్నాయి. మాకు సముద్రం ఉంది, టౌను లేదు. 2018 నవంబరులో అలా వెళ్ళిన మనవాళ్ళు పాకిస్తాను వాళ్ళకి చిక్కి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఇంటికొచ్చి మూడు నెలలు కాకముందే లాక్‌డౌన్. వెరావల్లో చిక్కుకుపోయిన వేలమందిని బస్సుల్లో తీసుకురావాల్సి వచ్చింది.

2020 వేసవిలో మా ఊరి స్కూలు క్వారంటైన్ సెంటరైంది. హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి లారీల్లో, కాలినడకన వచ్చినవాళ్ళు అందులో పడుకున్నారు. ల్యాపుటాపు పట్టుకుని నేనూ ఆ ఏడాది ఊరికే చేరాను. మేడ మీద సిగ్నలు దొరికే మూల వెతుక్కుని కాల్స్ మాట్లాడేవాడిని. అప్పుడు మామ్మ చిన్నాన్న గుర్తొచ్చాడు. 1942లో ఏం జరిగిందో 2020లోనూ అదే. పట్నానికి కష్టం రాగానే మనిషిని ఊరికి పంపేసింది, ఊరు అన్నం పెట్టింది. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే పల్లె మన బ్యాకప్ సర్వరు. రోజూ ఎవరూ పట్టించుకోరు, బడ్జెట్టులో మొదట కోసేదీ దాన్నే, క్రాష్ అయిన రోజున మాత్రం అదే దిక్కు.

భోజనాల దగ్గర వాదనలో నాకు తక్కువనిపించింది ఇదే. పన్నులు ఒకవైపు, బియ్యం ఒకవైపు లెక్కేశారు గానీ, మనిషి ఖర్చు ఎవరూ వెయ్యలేదు. పద్దెనిమిదేళ్ళు పెంచడానికయ్యే ఖర్చు పల్లెది. పద్దెనిమిది నుంచి యాభై దాకా చాకిరీ పట్నానిది. నడుం పోయాక మందుల ఖర్చు మళ్ళీ పల్లెది. మధ్యలో వచ్చే మనియార్డరు, ఇప్పుడైతే ఫోన్‌పే, దానికి కౌలు లాంటిది. కౌలు ఇచ్చేవాడు "పొలాన్ని నేనే పోషిస్తున్నాను" అంటే ఎలా ఉంటుందో మనవాడి మాటా అలాగే ఉంది. అలాగని పట్నం లేకపోతే పల్లెకి గడుస్తుందనీ కాదు. జబ్బు చేస్తే మావాళ్ళు పరిగెత్తేది విశాఖ కేజీహెచ్‌కే, నేను చదువుకున్నదీ పట్నంలోనే. ఒకరు లేక ఒకరికి గడవదు, గొడవంతా ఆ లెక్క దగ్గరే.

పట్నం మనుషుల్నే కాదు, చోటునీ అడుగుతుంది. పట్నానికీ పరిశ్రమకీ కరెంటు కావాలి. అందుకు సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు పెడతామన్నారు. ఆ బీలలో నీళ్ళున్నాయి, చేపలున్నాయి, దాని మీద పండే వరి ఉంది. 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాక గానీ దాని అనుమతి రద్దు కాలేదు. మర్నాటి ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ కాల్పులు. పట్నంలో ఏసీ వేసుకున్నవాడికి ఈ రెండు పేర్లూ తెలియాల్సిన అవసరం రాదు. నాకూ చాలాకాలం తెలియలేదు.

చివరగా రాజాం. అక్కడ 1978లో ఒక జనపనార మిల్లుతో వ్యాపారం మొదలుపెట్టిన గ్రంథి మల్లికార్జునరావు గారి సంస్థే 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచింది. మనం ఆన్‌సైటుకి ఎగిరిపోయేది అక్కడినుంచే. గోగునార ఎంత దూరం వెళ్ళిందో చూడండి! అదే సంస్థ కట్టే భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. భోగాపురం విజయనగరం జిల్లాలోనే. మా బావమరిది ఫోను చేసి "బావా, రెండు ప్లాట్లు తీసుకో, మళ్ళీ దొరకవు" అన్నాడు. అబద్ధం ఎందుకు, నేనూ ఎక్సెల్ తెరిచి లెక్కలు వేశాను.

వేశాక ఆగాను. నాలాంటివాళ్ళు వెయ్యిమంది ప్లాట్లు కొంటే అక్కడ వచ్చేది ప్రహరీగోడలూ సరిహద్దు రాళ్ళూ. ఊరు రాదు. ఆ పొలం అమ్మిన రైతు కొడుకు అదే లేఅవుట్‌కి వాచ్‌మనవుతాడు, లేదా మళ్ళీ హైదరాబాదు రైలెక్కుతాడు. విమానాశ్రయం పక్కన పళ్ళకి, చేపకి, జీడిపప్పుకి కోల్డ్ స్టోరేజీ, ప్యాకింగు, రిపేరు షెడ్లు, రాజాంలోనో చీపురుపల్లిలోనో ఒక వందమంది పనిచేసే ఆఫీసు.. ఇవి వస్తే సంగతి వేరు. రంగం ఓడ, ఖరగ్‌పూరు రైలు కూడా ఆ రోజుల్లో అభివృద్ధే. దారి ఎంత బాగుంటే మనుషులు అంత త్వరగా వెళ్ళిపోయారు, అంతే.

ప్లాట్లు కొనలేదు. దానివల్ల మా ఊరికి ఒరిగిందేమీ లేదని నాకూ తెలుసు. కాకపోతే మా ఆఫీసులో చిన్న టౌన్లలో సెంటర్ల మాట వచ్చినప్పుడల్లా విజయనగరం, రాజాం పేర్లు ఎత్తుతున్నాను. "అక్కడ మనుషులు దొరుకుతారా?" అని అడుగుతున్నారు. నూట యాభై ఏళ్ళుగా మేం పంపుతున్నది మనుషుల్నే అని చెప్పాను.

మీ ఊరి పక్కన కూడా ఇలాంటి టౌను ఒకటి ఉండే ఉంటుంది. ఇంకా బతికుంటే ఎలా బతికిందో, పోతే ఎప్పుడు పోయిందో రాయండి. నాకు తెలుసుకోవాలనుంది.